విజ్ఞానం నీతిని బలహీనపరుస్తుందా? ఖమ్మం టీకా ఉదంతంపై చర్చ

చర్చ ప్రారంభించినవారు:
మంచిచెడులన్నీ జన్యువులూ మెదడు రసాయనాలూ ఆడించే ఆటేనని చెప్పే విజ్ఞానం నీతి పునాదిని కదిలిస్తుందన్నది పాత వాదమే. దాన్ని గాలిలో తర్కించేకంటే మన దగ్గర జరిగినదాన్నే పట్టుకుందాం. 2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేయించాయి. వారిలో గిరిజన సంక్షేమ హాస్టళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరు బాలికల మరణాలపై ఆందోళన చెలరేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఇక్కడ విజ్ఞానం నీతిని మింగేసిందని నా అభిప్రాయం.

బదులు 1:
నేను ఒప్పుకోను. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఈ టీకా సమర్థంగా నివారిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేస్తోంది. టీకాపై అనుమానాలు రేపి ఆడపిల్లలను రక్షణకు దూరం చేయడం నీతి ఎలా అవుతుంది?

బదులు 2:
ఇద్దరూ మరణాల దగ్గరే ఆగిపోయారు. విచారణ సంఘం చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. (వేలిముద్రను నేను తప్పుపట్టను. చదవకుండా సంతకం పెట్టే పట్టభద్రుడికంటే, విని అర్థం చేసుకుని వేలు అద్దిన తల్లి సమ్మతే గట్టిది.) 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా ఖండించింది. టీకా నూటికి నూరుపాళ్లు సురక్షితమే అనుకుందాం, అయినా తన బిడ్డకు సూది వేస్తున్నారని తెలియని తల్లికి జరిగిన అన్యాయం అణువంతైనా తగ్గదు. టీకా పనిచేస్తుందో లేదో జీవశాస్త్రం చెబుతుంది, తల్లిని అడగాలా వద్దా అన్నది అసలు దాని ప్రశ్నే కాదు. కనుక విజ్ఞానం నీతిని కూల్చిందనడం సరికాదు. అయితే ‘ఎలాగూ వాళ్ల మేలుకే కదా’ అన్న ధీమా వచ్చాక, అడగడం ఒక కాగితపు తంతుగా మారిపోతుంది.

చర్చ ప్రారంభించినవారు:
‘మింగేసింది’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ ధీమా కొత్తది కాదు. 1796లో జెన్నర్ తన మశూచి టీకాను మొదట పరీక్షించింది తోటమాలి కొడుకైన ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ మీదే.

బదులు 1:
ఆ రోజుల్లో సమ్మతి నియమాలు లేవు, 2009లో ఉన్నాయి. వార్డెన్ల సంతకాలు తప్పేనని ఒప్పుకుంటాను. అయితే మన్యంలో ఎక్కడెక్కడో ఉన్న తల్లిదండ్రులందరినీ అడిగేదాకా ఆగితే టీకా ఎప్పటికి వేస్తారు?

బదులు 2:
దసరా సెలవులకు పిల్లలు ఎలాగూ ఇళ్లకు వెళతారు. వారి భాషలోనే చెప్పగల ఆరోగ్య కార్యకర్తను అప్పుడు గూడేలకు పంపితే సరిపోయేది. జూలై నుంచి లెక్కిస్తే ఆలస్యం మూడు నెలలైనా ఉండేది కాదు.