సెక్స్ వర్క్‌కు లైసెన్సా, నేరం కాకుండా చేయడమా? అర్జీలో ఏది అడగాలి?

మాది మహారాష్ట్రలోని బల్లార్షా, తెలుగువాళ్లమే. సెక్స్ వర్క్ చేసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మా వీధి అక్కను పోయిన నెల లాడ్జిలో పోలీసులు పట్టుకుపోయారు, తిరిగొచ్చినా భయం పోలేదు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకునే తిరుగుతోంది పాపం. దాడుల్లో ఇష్టపూర్వకంగా ఈ పని చేసే మేజర్లను అరెస్టు చేయొద్దని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది కదా! కానీ 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో విటులను పిలవడం ఇంకా నేరమే. జర్మనీలోలా చట్టబద్ధం చేస్తే పేరు రిజిస్టర్ చేయించుకోవాలి, ఇంత చిన్న ఊళ్లో ఎవరు ముందుకొస్తారు? న్యూజిలాండ్ 2003లో అసలు నేరమే కాకుండా చేసింది, నాకదే నయమనిపిస్తోంది. చట్టం కేంద్రానిది కాబట్టి ఎంపీకి అర్జీ రాస్తున్నాం. ఏ సెక్షన్లు తీసేయమని అడగాలి? తెలిసిన లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.