సమస్య: “నొక్కకుండ మీట నొక్కినాడు”

తిరుపతి నుంచి, సమస్య ఇచ్చినవారు:
ఈసారి ఆటవెలది. చివరి పాదం నాది, తక్కిన మూడూ మీవి. వెబ్ పేజీలో కీబోర్డు ఈవెంట్లే, అంటే కీ నొక్కినప్పుడు పేజీకి అందే కబుర్లే, వస్తువు. గణాలు, యతి తప్పకూడదు. చెప్పిన విషయం బ్రౌజర్‌లో నిజంగా జరిగేదై ఉండాలి.

అలిపిరి సభ్యురాలు:
చేయి వణుకు తాత చేతఁ బట్టడు మౌసు
ట్యాబు నొక్కి నొక్కి డాసి బటను
ఎంటరొకటి కొట్ట నిట్టె పని జరిగె
నొక్కకుండ మీట నొక్కినాడు

చంద్రగిరి సభ్యుడు:
తాత ఎంటర్ నొక్కాడు కదక్కా, ‘నొక్కకుండ’ ఎట్లా కుదురుతుంది?

అలిపిరి:
ఇక్కడ మీట అంటే తెర మీది బటన్ తమ్ముడూ. మౌసుతో దాన్ని తాకనే లేదు.

తిరుపతి:
శ్లేష నిలబడింది. చే-చే, ట్యా-డా, ఎ-ఇ, యతులు మూడూ సరే. ‘డాసి’ పాతమాట, ‘బటను’ పక్కన కొంచెం ఎడంగా ఉంది. అయితే అసలైన బటన్ ఎలిమెంట్ ఉన్నప్పుడే ఈ పద్యం నిజం. డివ్‌కు, అంటే ఉత్త పెట్టెలాంటి ఎలిమెంట్‌కు, క్లిక్ తగిలించి రంగు పూస్తే ట్యాబ్ అక్కడ ఆగదు, ఎంటర్ పలకదు. ట్యాబ్ ఆగేలా టాబ్‌ఇండెక్స్ సున్నా పెట్టి, ఇది బటనని రోల్ చెప్పి, ఎంటర్‌నూ స్పేస్‌నూ మనమే పట్టాలి. స్పేస్‌కు పేజీ జారిపోకుండా, బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్ కూడా పెట్టాలి.

అలిపిరి:
మా తాతకు అదే జరిగింది సార్. ఒక సైటులో ఫారమంతా మెట్లెక్కినట్టు ఒక్కో గడీ దాటి, చివరి బటన్ దగ్గర ఆగిపోయాడు. నన్ను పిలవడానికి మొహమాటపడి కంప్యూటర్ కట్టేశాడు. అప్పటి నుంచి నేను రాసే ప్రతి కాంపోనెంట్‌నూ మౌసు పక్కన పెట్టి నడిపి చూస్తున్నాను.

చంద్రగిరి:
నాది టెస్టింగ్ పని, ఆ దారిలోనే పోయాను. కీడౌన్ అంటే కీ కిందికి నొక్కినప్పటి ఈవెంట్.
కోడు రాసి తాను కూర్చి కీడౌనును
పంపినంత పేజి బదులు పలికె
వేలు తగలకున్న విరిసె నక్షరములు
నొక్కకుండ మీట నొక్కినాడు

తిరుపతి:
నడక హాయిగా ఉంది. మూడో పాదంలో మాత్రం విషయం తప్పింది. డిస్పాచ్‌ఈవెంట్‌తో, అంటే కోడు నుంచే, పంపిన కీడౌన్‌ను మనం పెట్టిన లిజనర్లు (ఈవెంట్ కోసం కాచుకునే కోడు ముక్కలు) వింటాయి, రెండో పాదం అందుకే నిజం. కానీ దాని మీద ఉండే ఈజ్‌ట్రస్టెడ్ అనే గుర్తు ఫాల్స్. మనిషి నొక్కింది కాదని బ్రౌజర్‌కు తెలుసు, గడిలో అక్షరం వేయదు.

చంద్రగిరి:
ఇప్పుడే పెట్టి చూశాను సార్, గడి ఖాళీగానే ఉంది. పాదం మార్చాను: “వేలు తగలకున్న విన్నది ప్రోగ్రాము”.

తిరుపతి:
ఇప్పుడు పద్యమూ నిజం, కోడూ నిజం.

అలిపిరి:
నా పద్యం తాతకు చదివి వినిపించాను. ‘ఇట్టె పని జరిగె’ దగ్గర ఆపి, ఆ పాదం ఇంకోసారి చదవమన్నాడు.