స్టాటిక్ సైటులో అంశాలవారీగా ఈమెయిల్ చందా: వరికి వేరు, కొబ్బరికి వేరు ఎలా?

కాలవగట్టు:
డెల్టా రైతుల కోసం సాగు సమాచారం పెట్టే సైటు ఇది. హ్యూగోతో (టపాలని ముందే సిద్ధమైన పేజీలుగా మార్చే సాధనం) కట్టి గిట్‌హబ్ పేజెస్ అనే హోస్టింగులో పెట్టాం. వరి, కొబ్బరి, రొయ్య, వరద అని నాలుగు అంశాలు. అంబాజీపేట కొబ్బరి రైతుకి వనామి రొయ్య కౌంటు ధరలతో పనిలేదు. భీమవరం చెరువుల వాళ్లకి కొబ్బరి తెల్లదోమ గొడవ అక్కర్లేదు. ఎవరు దేనికి టిక్కు పెడితే వాళ్లకి ఆ మెయిళ్లే వెళ్లాలి. వెనక సర్వరు లేదు. హ్యూగో ట్యాగుకో ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు (కొత్త టపాల వివరాలుండే ఫైలు) ఎలాగూ ఇస్తోంది కదా, ఫీడుకో జాబితా కట్టేస్తే సరిపోతుందా?

రేవుదారి:
ఫీడుకో జాబితా అంటే మొదటి నెలలోనే చిక్కొస్తుందండి. కాలవలు ఎప్పుడు కట్టేస్తారన్న టపా దాళ్వా వరికీ కావాలి, రొయ్యల చెరువుకీ కావాలి. రెండింటికీ టిక్కు పెట్టిన మనిషికి అదే టపా రెండుసార్లు వెళుతుంది.

జాబితాలు నాలుగు ఉంచండి, ఫీడు మాత్రం ఒక్కటే చదవండి. లిస్ట్‌మాంక్ అనే మెయిలింగు సాఫ్ట్‌వేరు అయితే ఒకే క్యాంపెయిన్‌ని (ఒక విడతగా పంపే మెయిలుని) రెండు మూడు జాబితాలకి కలిపి పంపవచ్చు, మనిషికి ఒక్క మెయిలే అందుతుంది. దానికి చిన్న వీపీఎస్ (అద్దె సర్వరు), పోస్ట్‌గ్రెస్ డేటాబేసు కావాలి. సైటు గిట్‌హబ్‌లోనే ఉంటుంది, ఫారం మాత్రం మీ సబ్‌డొమైనుకి పోస్టు అవుతుంది. సబ్‌డొమైనుకి హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి.

జాబితాలను 'పబ్లిక్', 'డబుల్ ఆప్ట్-ఇన్' (మెయిల్లో వచ్చిన లింకు నొక్కి ఖాయం చేస్తేనే చందా) అని పెట్టండి. ఫారమ్స్ పేజీలో ఆ నాలుగూ ఎంచుకుంటే చెక్‌బాక్సులతో హెచ్‌టీఎమ్‌ఎల్ తయారుగా ఇస్తుంది, జావాస్క్రిప్టు అక్కర్లేదు. అందులో కనబడని 'నాన్స్' పెట్టె ఒకటుంటుంది. అది బాట్లకి పెట్టిన వల, అనవసరం అనుకుని తీసేయకండి.

హ్యూగో సొంత ఆర్‌ఎస్‌ఎస్ టెంప్లేటులో ప్రతి టపాకీ శీర్షిక, లింకు, తేదీ, సారాంశం ఉంటాయి గానీ ట్యాగులు ఉండవు. టెంప్లేటుని మీ లేఅవుట్స్‌లోకి కాపీ చేసుకుని 'కేటగిరీ' వరుస కలపాలి. తరవాత గిట్‌హబ్ యాక్షన్స్‌లో (వేళకి స్క్రిప్టులు నడిపే సేవ) చిన్న స్క్రిప్టు ఫీడు చదివి, కొత్త టపా ఉంటే దాని అంశాల జాబితాలతో క్యాంపెయిన్ తయారుచేస్తుంది. ఏపీఐతో (స్క్రిప్టు లిస్ట్‌మాంక్‌తో మాట్లాడే దారి) చేసిన క్యాంపెయిన్ డ్రాఫ్టుగానే ఉండిపోతుంది. స్టేటస్‌ని 'రన్నింగ్' చేయడానికి ఇంకో రిక్వెస్టు పంపాలి. స్క్రిప్టుని మొదటిసారి నడిపేముందు ఇప్పటికే ఉన్న టపాల 'జీయూఐడీ'లన్నీ (ఫీడులో టపాల గుర్తింపులు) పంపినవిగా రాసిపెట్టండి, లేకపోతే పాత టపాలన్నీ ఒకే పొద్దున పోతాయి. హ్యూగోలో జీయూఐడీ అంటే టపా చిరునామాయే. పాత టపా స్లగ్ (చిరునామా చివరి ముక్క) మారిస్తే అది కొత్త టపా కిందే లెక్క.

ఇంకొకటి. రెండు జాబితాలకి కలిపి పంపిన మెయిల్లో 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కితే రెండింటిలోంచీ పోతారు. ప్రైవసీ సెట్టింగుల్లో ప్రిఫరెన్సులు మార్చుకునే వీలు తెరిచి, మెయిలు అడుగున "అంశాలు మార్చుకోండి" అని తెలుగులో రాయండి. అంశాలవారీ చందా అన్నమాటకి అర్థం ఉండేది ఇది చేస్తేనే.

లంకమెరక:
పైదంతా సరే. తెలుగు ట్యాగుల దగ్గర జాగ్రత్త. "మార్కెట్" అని ఒకరు టైపు చేస్తారు, ఇంకొకరి కీబోర్డు చివర పొల్లు తరవాత కంటికి కనబడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ చేరుస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే, స్క్రిప్టుకి మాత్రం రెండు ట్యాగులు. రెండోదానికి జాబితా దొరకక ఆ టపా ఎవరికీ వెళ్లదు, తప్పూ చూపించదు. అందుకని మామూలు ట్యాగుల జోలికి పోకుండా 'అంశం' అని వేరే టాక్సానమీ (టపాల వర్గీకరణ) పెట్టి, నాలుగే విలువలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. వేరే విలువ కనబడితే స్క్రిప్టు ఆగిపోవాలి.

టపా తేదీకి టైమ్‌జోను చెప్పకపోతే "ఉదయం 9" అని రాసినది యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం) అవుతుంది, అంటే మనకి మధ్యాహ్నం 2:30. అప్పటిదాకా అది రేపటి టపాలాగే, హ్యూగో బిల్డు చేయదు. కాన్ఫిగ్‌లో ఏషియా/కోల్‌కతా పెట్టండి. యాక్షన్స్ క్రాన్ (స్క్రిప్టు నడిచే వేళ) కూడా మామూలుగా యూటీసీయే. మన ఉదయం 6 గంటలకి అక్కడ 00:30 రాయాలి.

జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిలుని కత్తిరిస్తుంది, అడుగునున్న లింకులు అందులో పోతాయి. యూటీఎఫ్-8లో మన అక్షరానికీ, గుణింతం గుర్తుకీ విడివిడిగా 3 బైట్లు. "గోదావరి" ఒక్కటే 21 బైట్లు. టపా మొత్తం కాకుండా సారాంశం, లింకు పంపండి.

కాలవగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. వరద సంగతి కూడా ఇదే పద్ధతిలో పంపవచ్చా? మెయిళ్లు స్పామ్‌లో పడకుండా ఏం చేయాలి?

రేవుదారి:
వరద హెచ్చరికను ఇందులో పెట్టకండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రోజుకోసారి నడిచే స్క్రిప్టు ఆ వేగాన్ని అందుకోలేదు, లంకల్లో ఉన్నవాళ్లు మెయిలు చూసుకుంటూ కూర్చోరు. ఈ జాబితాని నీరు తీశాక చేలో చేయాల్సిన పనులకి ఉంచండి, పేరు కూడా "ముంపు తరవాత" అని మార్చండి. "వరద" అని ఉంటే హెచ్చరిక వస్తుందని నమ్ముకుంటారు.

స్పామ్ సంగతికొస్తే, వీపీఎస్ నుంచి నేరుగా పంపకండి, చాలాచోట్ల మెయిళ్లు బయటికెళ్లే పోర్టు 25 మూసే ఉంటుంది. అమెజాన్ ఎస్‌ఈఎస్ లాంటి రిలేని (మన తరఫున మెయిళ్లు పంపే సేవని) పోర్టు 587 మీద కలపండి. కొత్త ఖాతా శాండ్‌బాక్సులో ఉంటుంది: 24 గంటలకి 200 మెయిళ్లు, అదీ ధ్రువీకరించిన చిరునామాలకే. ప్రారంభించకముందే బయటికి తీయమని అర్జీ పెట్టండి. డీకిమ్‌కి (మెయిలు మీదేనని చూపే సంతకం) ఎస్‌ఈఎస్ ఇచ్చే మూడు సీనేమ్ రికార్డులూ మీ డొమైను డీఎన్‌ఎస్‌లో వేయండి. ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే రికార్డు) డొమైనుకి ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. డీమార్క్ (ఈ పరీక్షలు తప్పిన మెయిలుని ఏం చేయాలో చెప్పే రికార్డు) మొదట 'నన్' మీద చాలు.