మా అభ్యర్థి మీద వచ్చిన పుస్తకం మొత్తం చదివాను, ఇందులో ఏది నమ్మాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):

అందరికీ నమస్తే. ఎన్నికల మాట మొదలైనప్పటి నుంచి మా వాడలో ఒక పుస్తకం తిరుగుతోంది. మా నియోజకవర్గంలో పోటీ చేస్తున్న ఒక నాయకుడి మీద రాసింది. ఆయన పేరు, పార్టీ పేరు ఇక్కడ రాయను, రాస్తే చర్చ అటే పోతుంది. 140 పేజీలు, అట్ట మీద ఆయన ఫోటోను నల్లగా మసక చేసి వేశారు. వెల 120 రూపాయలు అని ఉంది కానీ డబ్బులిచ్చి కొన్నవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. మాకైతే పొద్దున పాల ప్యాకెట్ల పక్కన, గేటు లోపల పడేసి పోయారు.

రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. మొదటి 40 పేజీలు చదువుతుంటే నిజంగా కోపం వచ్చింది. చెరువు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, ఎలా పట్టా అయింది, ఎవరి పేరు మీదికి మారింది, సర్వే నంబర్‌తో సహా రాశారు. ఆ తర్వాత మెల్లగా దారి మారింది. ఆయన బిడ్డ పెళ్లి ఎందుకు ఆగింది, భార్య నగలు ఎక్కడివి, కొడుకు ఎవరితో తిరుగుతాడు, ఇవీ అధ్యాయాలు. అక్కడ సర్వే నంబర్లూ లేవు, తేదీలూ లేవు, 'తెలిసినవాళ్లు చెబుతున్నారు', 'ఊరంతా కోడై కూస్తోంది' తప్ప. రాసినాయన ఎదుటి పార్టీలో పదవిలో ఉన్న మనిషే, ఆ సంగతి పుస్తకంలో మాత్రం ఎక్కడా లేదు.

ఇక ఇంట్లో లొల్లి. మా బాపు 30 ఏళ్లుగా ఈ నాయకుడి పార్టీకే ఓటేస్తున్నాడు. అట్ట చూసి సజ్జ మీద పడేశాడు, తెరవనేలేదు. మా మేనమామ ఎదుటి పార్టీ. పేజీలు ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతూనే ఉన్నాడు. 'మామా, 90వ పేజీలో ఇలా ఉంది కదా' అని అడిగితే ఆయన కూడా వెనక అట్ట మీది మాటలు తప్ప ఏమీ చదవలేదని తేలింది. గ్రూపులో తిట్టేవాళ్లు చదవలేదు, మెచ్చుకునేవాళ్లు చదవలేదు. మొత్తం చదివింది నేనొక్కదాన్నే, నాకే ఏం అనాలో తెలియడం లేదు. ఒక పార్టీ మనిషి రాసిన పుస్తకాన్ని ఎలా చదవాలి? బాపుకి ఇది చదవమని ఇవ్వాలా వద్దా?

జవాబు (వరంగల్, ప్రింటింగ్ ప్రెస్):

చెల్లె, నేను 22 ఏళ్లుగా ప్రెస్ నడుపుతున్నాను, నాకు తెలిసిన సంగతి చెప్తాను. ముందు లోపలి పేజీల కంటే టైటిల్ పేజీ వెనక్కి తిప్పి చూడు. ముద్రించిన ప్రెస్ పేరు, అడ్రసు, ప్రచురించినవాళ్ల పేరు, అడ్రసు ఉన్నాయా? ఒక అభ్యర్థిని గెలిపించడానికో ఓడించడానికో పంచే కరపత్రం అయినా పోస్టర్ అయినా ఇంకే కాగితం అయినా ఆ రెండూ ఉండి తీరాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 127ఎ సెక్షన్ అంటారు దీన్ని. మా దగ్గరికి ఎన్నికల పని వస్తే ప్రచురించేవాళ్లు సంతకం పెట్టిన డిక్లరేషన్ రెండు కాపీలు తీసుకుంటాం. ఆ మనిషి తెలుసని ఇంకో ఇద్దరు దాని మీద సంతకం పెట్టాలి. అచ్చయ్యాక కాపీలతో పాటు అది కలెక్టర్ ఆఫీసుకు పంపాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పోయిన ఎన్నికలప్పుడు రాత్రి పదిన్నరకు ఒకాయన పెన్‌డ్రైవ్‌లో ఇలాంటిదే ఒక పుస్తకం తెచ్చాడు. 5000 కాపీలు కావాలి, ప్రెస్ పేరు వేయొద్దు, క్యాష్ ముందే ఇస్తా అన్నాడు. చేయనని చెప్పి పంపాను. మా దగ్గర కాకపోతే ఇంకెక్కడో వేయించుకునే ఉంటాడు. రాసినవాడికి తన మాట మీద నమ్మకం ఉంటే కింద పేరు వేసుకోవడానికి భయం ఎందుకు? నేనైతే పేరు లేని పుస్తకాన్ని సగం పక్కన పెట్టేస్తాను.

జవాబు (కరీంనగర్ నుంచి):

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. పార్టీ మనిషి రాశాడు కాబట్టి చెత్త అంటే నేను ఒప్పుకోను. అధికారంలో ఉన్నవాడి భూముల గురించి ఆయన పార్టీ వాళ్లు రాస్తారా? చాలాసార్లు నిజం బయటికి వచ్చేదే ఎదుటివాడి కోపం వల్ల. మా ఊళ్లో ఒక కుంట కనబడకుండా పోతే మొదట అరిచింది ఓడిపోయిన సర్పంచే, ఆయనకు కక్ష ఉంది నిజమే, కానీ కుంట పోయింది కూడా నిజమే కదా! రాసినవాడి కక్షను అక్కడే వదిలేసి ఆ 40 పేజీలు పట్టుకోండి. పెళ్లి ముచ్చట్లు చించి పడేయండి, వాటితో మనకేం పని.

జవాబు (హన్మకొండ, రిటైర్డ్ తెలుగు టీచర్):

అమ్మా, నువ్వు మొత్తం చదివి అడిగావు, అందుకే నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. ఇట్లాంటి పుస్తకం చేతికి వస్తే నేను పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను. కాగితం చూపించి రుజువు చేయగలిగిన వాక్యం పక్కన ఒక గీత. రచయిత అభిప్రాయమైతే సున్నా. 'అంటున్నారు', 'వినికిడి', 'అనుమానం లేకపోలేదు' అని ఉన్నచోట కొట్టివేత గుర్తు. 20 పేజీలు అయ్యేసరికి పుస్తకం ఎట్లాంటిదో ఆ గుర్తులే చెప్తాయి. ముఖ్యంగా చూడాల్సింది, గీత ఉన్న వాక్యం వెంటనే కొట్టివేత గుర్తు ఉన్న వాక్యం ఎన్నిసార్లు వస్తుందనేది. నిజం పక్కన కూర్చోబెట్టి పుకారును నమ్మించడం ఈ పుస్తకాల్లో మామూలు పని.

కేసుల గురించి ఉంటే మరీ జాగ్రత్త. ఎఫ్‌ఐఆర్ వేరు, చార్జిషీట్ వేరు, కోర్టు అభియోగాలు నమోదు చేయడం వేరు, శిక్ష పడటం వేరు. పుస్తకాల్లో అన్నిటినీ కలిపి 'ఇన్ని కేసుల నిందితుడు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థి ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. కేసులు ఏ సెక్షన్ల కింద ఉన్నాయి, ఏ దశలో ఉన్నాయి, తన పేరు మీద, భార్య పేరు మీద, తన మీద ఆధారపడినవాళ్ల పేరు మీద భూములు ఎంత, అప్పులు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పు పుణ్యమా అని మనలాంటివాళ్లకు ఇది దొరుకుతోంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. పుస్తకం ఒక పక్క, అఫిడవిట్ ఒక పక్క పెట్టుకుని చూడు. శిఖం భూమి సంగతికి పాత పహాణీ (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు) నకలు అడుగు. అందులో భూమి ఏ రకమో రాసి ఉంటుంది. తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఒకటి మనసులో ఉంది, చెప్తాను. మన కాళోజీ 1978లో సత్తుపల్లిలో నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద పోటీకి నిలబడ్డాడు. ఓడిపోయాడు. ఎమర్జెన్సీ మీద తన కోపాన్ని తన పేరుతో, తన మొహంతో జనం ముందుకు తెచ్చాడు. ఎదుటివాణ్ని విమర్శించే పద్ధతి మన వరంగల్లుకు ఒకరు వచ్చి నేర్పాల్సిన అవసరం లేదు. అభ్యర్థి బిడ్డ పెళ్లి గురించి రాసే మనిషిని చూస్తే నాకు చాలా బాధగా ఉంది.

జవాబు (కాజీపేట, ఇప్పుడు డాలస్‌లో):

మాస్టారు చెప్పిన 'నిజం పక్కన పుకారు' అనే మాట చదవగానే ఇక్కడి సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2004లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ కెరీ మీద ఆగస్టులో ఒక పుస్తకం వచ్చింది. కెరీకి వియత్నాం యుద్ధంలో సిల్వర్ స్టార్, బ్రాంజ్ స్టార్, మూడు పర్పుల్ హార్ట్‌లు వచ్చాయి. ఆ పతకాలకు ఆయన అర్హుడే కాదని పుస్తకం వాదన. రాసిన ఇద్దరిలో ఒకాయన కెరీ నడిపిన పడవనే నడిపినవాడు, కానీ కెరీ వెళ్లిపోయాక. ఇద్దరూ కలిసి ఒక్కరోజు కూడా ఆ పడవలో లేరు. కెరీతో అదే పడవలో పనిచేసినవాళ్లలో దాదాపు అందరూ ఆయన వైపే నిలబడ్డారు, నేవీ రికార్డులు కూడా ఆయనకే అనుకూలంగా ఉన్నాయి. అయినా ఆ పుస్తకం న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది.

ఎందుకు వెళ్లిందంటే అందులో ఇంకో భాగం ఉంది. కెరీ యుద్ధం నుంచి వచ్చాక 1971లో సెనేట్ కమిటీ ముందు ఆ యుద్ధాన్ని, అక్కడ జరిగిన దారుణాలను గట్టిగా విమర్శిస్తూ మాట్లాడాడు. అది రికార్డులో ఉన్న నిజం. తమను హంతకుల్లా చూపించాడని చాలామంది మాజీ సైనికులకు 33 ఏళ్లుగా మనసులో కాలుతూనే ఉంది. పడవ నడిపిన ఆ రచయిత, కెరీ 1971లోనే టీవీలో ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు కూడా. ఆ కోపం నిజమైంది. ఆ నిజమైన కోపాన్ని తీసుకొచ్చి పతకాల మీది ఆరోపణకు అతికించారు. చదివినవాళ్లు కోపాన్ని నమ్మి, దాంతో పాటు ఆరోపణను కూడా నమ్మేశారు. కెరీ కూడా మొదట్లో దీన్ని పట్టించుకోలేదు, గట్టిగా జవాబివ్వడానికి రెండు వారాలు పట్టింది, ఆలోపే నష్టం జరిగిపోయింది. నవంబర్‌లో బుష్ చేతిలో ఓడిపోయాడు. ఓటమికి ఆ పుస్తకం ఒక్కటే కారణం అని నేను అనను, కానీ ఆ పడవల పేరు, 'స్విఫ్ట్ బోట్', ఇక్కడ ఇంగ్లీషులో బురద చల్లడానికి మారుపేరు అయిపోయింది.

అక్కా, మీ పుస్తకంలో శిఖం భూమి ముచ్చట నిజమైనా సరే, దాని బలం మీద మిగతా 100 పేజీలు నమ్మాల్సిన పని లేదు. అట్లాగే ఆ 100 పేజీలు చెత్త కాబట్టి భూమి ముచ్చట కూడా చెత్త అని మీ బాపు అంటే అదీ తప్పే.

జవాబు (జగిత్యాల నుంచి):

నేను ఎక్కువ రాయలేను. మా ఆయన కొన్నేళ్ల కిందట వార్డు సభ్యుడిగా నిలబడ్డాడు. అప్పుడు మా మీద ఎనిమిది పేజీల బుక్‌లెట్ వేశారు. మా ఆయన తాగుతాడని రాస్తే ఊరుకున్నాం, ఎందుకంటే ఆయన తాగడని ఊరికి తెలుసు. నా గురించి ఒక పేరా రాశారు. ఏం రాశారో ఇక్కడ చెప్పను. మా పాప అప్పుడు ఏడో తరగతి, స్కూల్ దగ్గర మిర్చి బజ్జీ ఏ కాగితంలో కట్టి ఇచ్చారో చూస్తే ఆ పేజీయే. నూనె అంటిన కాగితం మడత పెట్టి తెచ్చి 'అమ్మా ఇది నువ్వేనా' అని అడిగింది. లాయరును కలిస్తే, అభ్యర్థి వ్యక్తిగత జీవితం మీద అబద్ధమని తెలిసీ రాస్తే అసెంబ్లీ ఎన్నికల్లో అయితే ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే 123(4) సెక్షన్ ఉంది, ఎదుటి అభ్యర్థి సమ్మతితోనే వేశారని రుజువు చేయాలి, ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టుకు పోవాలి అని చెప్పాడు. మాది చిన్న వార్డు, మాకు వేరే చట్టం, ఖర్చు ఎక్కువ. వదిలేసుకున్నాం.

ఆ బిడ్డ పెళ్లి అధ్యాయం ఫోటోలు మీ మామ గ్రూపులో పెట్టి ఉంటే తీసేయమని చెప్పండి అక్కా. మిగతావి మీ ఇష్టం.

ప్రశ్న అడిగినామె:

అందరికీ చాలా థ్యాంక్స్. జగిత్యాల అక్కా, మీది చదివి వెంటనే మామకు ఫోన్ చేశాను. మొదట ఏదేదో అన్నాడు, మీ పాప సంగతి చెప్పాక కాసేపు మాట్లాడలేదు. రాత్రికి ఆ ఫోటోలు తీసేశాడు. భూమి పేజీలు మాత్రం ఉంచాడు, అది నేనూ వద్దనలేదు.

ప్రెస్ అన్నా, వెనక్కి తిప్పి చూశాను. ప్రచురించిన సంస్థ పేరు ఉంది, అడ్రసు లేదు. ప్రింటర్ పేరు అసలే లేదు.

మాస్టారూ, అఫిడవిట్ దించి ప్రింట్ తీయించాను. పుస్తకంలో 'ఐదు క్రిమినల్ కేసులు' అని పెద్ద అక్షరాల్లో ఉంది. అఫిడవిట్‌లోనూ ఐదే ఉన్నాయి, దాచిందేమీ లేదు. వాటిలో మూడు తెలంగాణ ఉద్యమం నాటివి, రైల్ రోకో, రాస్తారోకో. ఆ మాట పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఉద్యమంలో మా బాపు కూడా పట్టాల మీద కూర్చున్నవాడే, మరి ఆయనా నేరస్తుడేనా? అది చూసి రాసినాయన మీద చాలా కోపం వచ్చింది. కానీ భూముల పట్టికలో ఆ నాయకుడి భార్య పేరు మీద 2 ఎకరాల 10 గుంటలు చూపించారు, సర్వే నంబర్ సరిగ్గా పుస్తకంలో ఉన్నదే.

పుస్తకం, అఫిడవిట్ రెండూ కలిపి బాపు ముందు పెట్టాను. ముందు కేసుల పేజీ చూపించాను, 'నేను చెప్పలేదా, అంతా అబద్ధాలే' అన్నాడు. తర్వాత సర్వే నంబర్ చూపించాను. కళ్లద్దాలు తెచ్చుకుని రెండు కాగితాల మీదా వేలు పెట్టి అంకె అంకె చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ చెరువు కట్ట కింద మా తాతకు పొలం ఉండేదట, ఎండాకాలం నీళ్లు తగ్గితే ఆ శిఖంలోనే బర్లను మేపేవాళ్లట. 'అక్కడ పట్టా ఎట్లా వస్తది బిడ్డా' అన్నాడు.

పహాణీ కోసం దరఖాస్తు రాశాను. సోమవారం తహసీల్దార్ ఆఫీసుకు బాపు కూడా వస్తానన్నాడు.