తామరకి చీటీ లేకుండా ట్యూబు అమ్మొచ్చా?

పల్నాటిపిల్ల: వానాకాలంలో తొడల దగ్గర తామర మొదలైంది. ఇప్పుడు నడుం చుట్టూ పాకింది. షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే దురద ఇట్టే పోతుంది, ఆపితే రెట్టింపై వస్తుంది. పైగా తొడ మీద కాన్పు తర్వాత పొట్ట మీద పడేలాంటి చారలు పడ్డాయి. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మనివ్వడం న్యాయమేనా?

చర్మం_పీజీ: ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బెక్లోమెటసోన్ అనో ఉంటే అది స్టిరాయిడ్. దురదనీ ఎరుపునీ అణిచేస్తుంది, తామర తెచ్చే ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతూనే ఉంటుంది. చారలు దాని పుణ్యమే. మామూలుగా తామర గుండ్రంగా, అంచు ఎర్రగా పొట్టు లేస్తూ, మధ్యలో మానినట్టు ఉంటుంది. ఈ ట్యూబులు వాడితే ఆ రూపమే చెరిగిపోయి మేము కూడా తికమకపడతాం. అంచు దగ్గర పొట్టు గీకి మైక్రోస్కోపులో చూడాల్సి వస్తుంది.

షాపు_సత్యం: అందులో స్టిరాయిడ్ ఎంతండీ, 0.05 శాతం! దానికే ఇంత గోలా?

ఓరుగల్లు_రాజు: మా అమ్మమ్మ తంటెం గింజలు నిమ్మరసంలో నూరి పట్టించేది. ఏ ట్యూబూ లేదు.

నీలిమేఘం: పుండు మీద నిమ్మరసమా! దండం అన్నా.

చర్మం_పీజీ: సత్యం గారూ, శాతం చూసి లాభం లేదు, మందేదో చూడాలి. 1 శాతం హైడ్రోకార్టిసోన్ అనే తేలిక స్టిరాయిడ్ కన్నా 0.05 శాతం క్లోబెటసాల్ ఎన్నో రెట్లు ఘాటు. 2018లోనే కేంద్రం ఇలాంటి పూత స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ లేనిదే అమ్మకూడదు.

షాపు_సత్యం: షెడ్యూళ్లు మాకూ తెలుసు. మొన్న ఒకాయనకి స్టిరాయిడ్ లేని ఒట్టి ఫంగస్ మందు క్లోట్రిమజోల్ ఇస్తే వారం తిరక్కుండా తెచ్చి కౌంటర్ మీద విసిరికొట్టాడు, "దురద తగ్గలేదు, నీది దొంగ మందు" అని. పక్క షాపులో స్టిరాయిడ్‌తో సహా మూడు మందులు కలిసిన ట్యూబు కొనుక్కుపోయాడు. అద్దె కట్టేది నేను. అయినా మీ డాక్టర్ల చీటీల్లో ఆ ట్యూబు ఉండట్లేదా? వాళ్లనెవరు అడుగుతారు?

చర్మం_పీజీ: కొందరు రాస్తున్నారు, అదీ తప్పే. ఒట్టి ఫంగస్ మందు వారాల తరబడి పట్టించాలి, మచ్చ పోయాక కూడా ఇంకొన్నాళ్లు. అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా పూయాలి. దానికి తోడు ఫంగస్ మందు టెర్బినాఫిన్‌కి సరిగ్గా లొంగని రకం మన దేశంలో బాగా పాకింది, ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని 2020లో పేరు పెట్టారు. చాలామందికి ఇట్రాకొనజోల్ అనే మింగే మందు చీటీలో రాయాల్సి వస్తోంది. ఆ క్యాప్సూల్ తిన్నాక వేసుకోవాలి. గ్యాస్ మాత్రతో కలిపి మింగితే ఒంటికి సరిగా పట్టదు.

షాపు_సత్యం: ఇవన్నీ చదువుకున్నవాళ్ల ముచ్చట్లు. 0.05తో ఎవరూ చచ్చిపోలేదు.

పల్నాటిపిల్ల: ఆపండి ఇద్దరూ! నేను షాపు మందు ఎందుకు వాడానో ఒక్కరైనా అడిగారా? మా దగ్గర ఆడ డాక్టర్ లేదు. ఆస్పత్రిలో తలుపు వేయరు, లైను గదిలోపలిదాకా ఉంటుంది. అంతమంది ముందు తొడ చూపించనా? మా ఆయన్ని పంపి తెప్పించుకున్నా. మళ్లీ చీటీ తెమ్మంటే ఎక్కడికెళ్లాలి?

షాపు_సత్యం: మరి నేను మాత్రం చూసి ఇస్తానా అమ్మా? మగాయన వచ్చి "ఇంట్లో వాళ్లకి దురద" అంటాడు. తామరో గజ్జో నాకేం తెలుసు? ఏదైతేనేం తగ్గుతుందని అన్నీ కలిసింది ఇస్తాం.

చర్మం_పీజీ: గజ్జి అయితే ఆ ట్యూబుతో అస్సలు పోదు. అమ్మా, మీ ఆయనకి కూడా దురద ఉందా?

పల్నాటిపిల్ల: ఉంది. ఆయనా అదే ట్యూబు రాస్తున్నారు. తువ్వాలు కూడా ఒకటే.

చర్మం_పీజీ: అయితే ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి, తువ్వాళ్లు వేరు చేయండి, బట్టలు ఎండలో ఆరేయండి. జిల్లా ఆస్పత్రి చర్మం ఓపీలో ఆడ డాక్టర్ ఉండే రోజు కనుక్కుని వెళ్లండి. తెర వేయమని అడగడం మీ హక్కు. ట్యూబు ఆపాక కొన్నాళ్లు దురద పెరుగుతుంది, భయపడొద్దు.

షాపు_సత్యం: దురద పెరిగిన రాత్రికే వాళ్లాయన ఏదో ఒక షాపుకెళ్లి మళ్లీ అదే ట్యూబు అడుగుతాడు, చూడండి.