ఎస్.కోట – అరకు ఘాట్: మార్చిలో నలుగురం వెళ్తున్నాం, 11-28 సరిపోతుందా?

విశాఖపెడల్:
వచ్చే ఆదివారం ఫ్రెండ్స్ నలుగురం రోడ్ బైకుల మీద ఎస్.కోట నుంచి అరకు ఎక్కుదామనుకుంటున్నాం. ఎన్నింటికి బయల్దేరితే ఎండ తప్పుతుంది? వెనక 11-28 కేసెట్ (వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి; చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 28) చాలా? దారిలో నీళ్లెక్కడ దొరుకుతాయి? సాయంత్రం కిరండూల్ ప్యాసింజర్‌లో సైకిళ్లు వేసుకుని వచ్చేయొచ్చా?

చైన్‌లూబ్:
బొడ్డవర దాకా 28తో హాయిగా వెళ్తారు. కాశీపట్నం దాటాక మోకాళ్లు కేకలు పెడతాయి. నేను 11-34 వేయించుకున్నాకే బతికి బట్టకట్టాను.

ఘాట్‌రాజా:
34 పళ్లా? అది కేసెట్టా, కొబ్బరి కోరా? మేం 25తోనే ఎక్కాం. కాళ్లలో దమ్ముండాలి. వారం వారం సింహాచలం ఘాట్ తొక్కండి, అరకు అదే వస్తుంది.

పాతమెకానిక్:
దమ్ముతో కాదు బాబూ, లెక్కతో ఎక్కాలి. ముందు పెడల్ దగ్గర 34 పళ్లు, వెనక 34 పళ్లు అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి 60 తిప్పితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. వెనక 28 ఉంటే అదే 60కి తొమ్మిది దాటాలి. ఏటవాలు మీద ఆ స్పీడు నిలబడదు. తిప్పుడు 50కి పడిపోతుంది, భారమంతా మోకాలి చిప్ప మీదే. మీరు చూసిన సైకిళ్లకంటే నేను విప్పి బిగించినవే ఎక్కువ.

ఘాట్‌రాజా:
విప్పడం సరే గురువుగారూ, ఘాట్ ఎక్కి ఎన్నాళ్లయింది?

పాతమెకానిక్:
అనంతగిరి దగ్గర సైకిల్ నెట్టుకుంటూ నడిచే దమ్మున్న కుర్రాళ్లని చూడ్డానికి ఎక్కక్కర్లేదు. బస్సు కిటికీలోంచి కూడా కనిపిస్తారు.

కాఫీపిచ్చి:
అబ్బా, పళ్ల గొడవ ఆపండి! మార్చిలో వెళ్తూ కాఫీ పూల సంగతి ఒక్కరూ ఎత్తరేం? ఓ జల్లు పడిన వారం పది రోజులకి సిల్వర్ ఓక్ చెట్ల కింద కొమ్మంతా తెల్లగా గుత్తులు కడుతుంది. ఉండేది రెండు మూడు రోజులే. రొప్పుతూ మలుపు తిరుగుతుంటే మల్లెల్లాంటి వాసన గుప్పున కొడుతుంది. మా బ్యాచ్‌లో ఒకడు పవర్ మీటర్ (ఎంత బలంగా తొక్కుతున్నామో చూపేది) మీద నుంచి కళ్లెత్తకుండా తోటంతా దాటేసి, గాలికొండ మీద ‘పూలెక్కడ?’ అనడిగాడు.

ఘాట్‌రాజా:
అక్కా, పూలు చూడ్డానికైతే కారులో వెళ్లొచ్చు కదా.

కాఫీపిచ్చి:
అద్దాలెక్కించి ఏసీ వేసుకుంటే వాసనేం వస్తుంది తమ్ముడూ? నీకు టైమింగే ముఖ్యమైతే బీచ్ రోడ్డు ఉంది.

మెల్లగాదిగు:
ఎక్కడం మీద ఇంత రభస, దిగడం మాటే లేదు. గాలికొండ దాటాక సుంకరమెట్ట వైపు దిగుడే. రిమ్ బ్రేకులు అదేపనిగా పట్టుకుని దిగితే రిమ్ కాలిపోతుంది. మా ఫ్రెండ్ ట్యూబ్ అలాగే ఠప్పుమని పేలింది, పిట్టగోడ ఆపింది కాబట్టి సరిపోయింది. మలుపు ముందే గట్టిగా పట్టి, మలుపులో వదిలేయండి. టూరిస్టు కార్లు మలుపులోనే ఓవర్‌టేక్ చేస్తాయి. ఐదింటికల్లా ఎస్.కోట వదిలితే వాటి బెడద కొంత తగ్గుతుంది.

చైన్‌లూబ్:
డిస్క్ బ్రేకులు కొనుక్కోమనండి.

మెల్లగాదిగు:
డబ్బులు మీరిస్తారా?

విశాఖపెడల్:
థాంక్స్ అందరికీ. రైలు? నీళ్లు?

లగేజీబాధితుడు:
రైలు పేరెత్తకండి. సైకిల్‌ని లగేజీ కింద బుక్ చేసి బ్రేక్‌వ్యాన్‌లో వేయాలి. ఒక స్టేషన్‌లో గుమస్తా ‘దీనికి స్టాండ్ లేదేం, క్యారియర్ లేదేం’ అంటూ చక్రాలు తిప్పి చూసి, రసీదు రాసేసరికి బండి కదిలిపోయింది. నలుగురూ కలిసి బొలెరో మాట్లాడుకోండి.

రైలుబాబాయ్:
ఆ లైను తిట్టకండి సార్. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అంతకంటే ఎత్తైనది లేదు. సొరంగాలు 58. బొలెరోలో అవి కనిపిస్తాయా?

లగేజీబాధితుడు:
సొరంగంలో ఏం కనిపిస్తుంది సార్, చీకటి తప్ప!

బొంగుచికెన్:
అరకులో దిగాక బొంగు చికెన్ వెంటనే తినకండి, ముందు మజ్జిగ. ఖాళీ కడుపుకి ఆ కారం పడదు.

చైన్‌లూబ్:
నా పాత 11-28 ఇంట్లో ఊరికే పడుంది. ఘాట్‌రాజా గారికి సగం ధరకే ఇస్తాను.

ఘాట్‌రాజా:
నాది 25 అని చెప్పాను కదా బ్రదర్. 28 దేనికి, ముసలాళ్లకా?