సమస్యాపూరణం: "చంపినట్టివాఁడె చదివి యేడ్చె"

ముక్కుపొడి (నిర్వాహకుడు):
సభ్యులకు నమస్కారం. నిన్న రాత్రి మా మనవడు హ్యారీ పాటర్ ఐదో పుస్తకం పట్టుకొని గదిలో తలుపేసుకున్నాడు. పదకొండింటికి బయటికొచ్చి "తాతా, సిరియస్‌ని చంపేశారు" అన్నాడు. ముక్కు ఎర్రగా ఉంది. ఎవరు చంపార్రా అంటే "రాసినవాళ్ళే" అని కసురుకున్నాడు. పెరుగన్నం కలిపిపెట్టినా ముట్టలేదు. వాడు పడుకున్నాక ఈ పాదం తట్టింది.

సమస్య: చంపినట్టివాఁడె చదివి యేడ్చె

ఫాంటసీ నవలల్లో మనకు తనివి తీరకముందే పోయిన పాత్రల మీద పూరించాలి. అభిమన్యుణ్ణి తేవద్దు. మన దగ్గర ఆయన ఇప్పటికే లెక్కలేనన్నిసార్లు చచ్చాడు. ఇవాళ మే 2. హ్యారీ పాటర్ కథలో హాగ్వార్ట్స్ అనే మంత్రాల బడిలో యుద్ధం జరిగిన రోజు కూడా ఇదేనట.

గోదారిగట్టు:
బోణీ నాది.

తెరకు వెనుక జారి తిరిగిరానట్టి సి
రియసుఁ దానె చంపి రేయి యెల్ల
వంటయింటి కొచ్చి వ్రాసిన పుటఁ జూచి
చంపినట్టివాఁడె చదివి యేడ్చె

కథలో సిరియస్ (హ్యారీకి తండ్రి లాంటివాడు) ఒక తెర వెనక్కి పడి పోతాడు. వంటింటి సంగతి ఊహించి రాసింది కాదు. ఆ పుస్తకంలో ఒకరిని చంపేశాక రచయిత్రి రోలింగ్ ఏడుస్తూ వంటింట్లోకి వెళ్తే, భర్త "అయితే చంపకు" అన్నాడట. పిల్లల పుస్తకాలు రాయాలంటే జాలి లేని హంతకులై ఉండాలని ఆవిడ జవాబు. 2003లో పుస్తకం వచ్చినప్పుడు టీవీ ఇంటర్వ్యూలో తనే చెప్పింది.

కందిపచ్చడి:
అన్నా, "సి" పై పాదంలో, "రియసు" కింది పాదంలో! మనిషి తెర దాటుతూ సగం ఇటు, సగం అటు ఉన్నట్టు. కావాలని విరిచారా, అలా పడిందా?

గోదారిగట్టు:
కావాలనే. (ఇప్పుడు కావాలనే.)

అర్ధానుస్వారం:
"కొచ్చి" వాడుక మాట. "కేగి" అంటే గణమూ చెడదు, గౌరవమూ చెడదు. ఇక "కొచ్చి" పక్కన "వ్రా" ఉంది కాబట్టి "చ్చి" గురువు కాదా అని ఎవరో ఒకరు లేస్తారు. లేవకండి. తెలుగు మాటలో "వ్రా" ముందు అక్షరం తేలికగానే పోతుంది.

వేపపుల్ల:
నేను లేచింది దానికి కాదు. గోదారిగట్టు గారి పద్యం హాయిగా నడిచింది, ఎప్పటిలాగే. దారి మాత్రం తప్పింది, అదీ ఎప్పటిలాగే. భర్త అని ఆయనే రాశారు, ఆవిడ అనీ ఆయనే రాశారు. మరి సమస్యలో "వాఁడె" అని ఉందే? రోలింగ్ ఎప్పుడు వాఁడయింది?

పైగా రేయి ఎల్లా వంటింట్లో ఎందుకుంది పాపం? "రి"కి యతి కుదరడం కోసం ఆ తల్లిని తెల్లవార్లూ నిలబెట్టేశారు.

గోదారిగట్టు:
ఆవిడ మగ పేరుతో కూడా పుస్తకాలు రాసింది వేపపుల్ల గారూ. రాబర్ట్ గాల్‌బ్రెయిత్. అంతకుముందు కూడా, ఆడమనిషి రాసిందంటే మగపిల్లలు చదవరేమోనని ప్రకాశకులు పూర్తి పేరు వేయకుండా జె.కె. అని పొడి అక్షరాలు పెట్టించారు. కాబట్టి "వాఁడె" చెల్లుతుంది.

వేపపుల్ల:
గాల్‌బ్రెయిత్ పేరు బయటికొచ్చింది 2013లో, అదీ డిటెక్టివ్ నవలకి. సిరియస్ పోయింది 2003లో. పదేళ్ళ తర్వాత పెట్టుకున్న మీసాన్ని ముందే తగిలించారా?

గోదారిగట్టు:
ఆడా మగా తేడా గురించి మీరు చెప్పాలా! "గుడ్డు పెట్టె నొక్క గుఱ్ఱ మడవి" సమస్య అందరికీ గుర్తుందనుకుంటా. వేపపుల్ల గారి పూరణలో చివరి రెండు పాదాలు:

బక్కుబీకు వచ్చి పసిబిడ్డ కోసమై
గుడ్డు పెట్టె నొక్క గుఱ్ఱ మడవి

హ్యారీ పాటర్‌లోని బక్‌బీక్ అనే హిప్పోగ్రిఫ్ ముందు సగం గద్ద, వెనుక సగం గుర్రం కాబట్టి గుడ్డు పెడుతుందన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తీరా చూస్తే బక్‌బీక్ మగది! మూడో పుస్తకం మొదటి నుంచి చివరిదాకా మగదే. మగ హిప్పోగ్రిఫ్ చేత గుడ్డు పెట్టించినాయన నాకు వ్యాకరణం చెప్తున్నాడు.

ముక్కుపొడి (నిర్వాహకుడు):
ఆ దారం మూసేసి చాలా కాలమైంది. తెరవకండి.

వేపపుల్ల:
సమస్యలో "గుఱ్ఱము" నపుంసకం. లింగం అడగలేదు.

కందిపచ్చడి:
సిరియస్ అజ్కబాన్ జైలు నుంచి బయటపడ్డాక రెండోసారి పట్టుబడితే, ఆ బక్‌బీక్ మీదే కదా ఎగిరిపోయింది. అదే లేకపోతే ఆయన మూడో పుస్తకంలోనే అయిపోయేవాడు. మీ ఇద్దరి పద్యాలూ చుట్టాలే, కొట్టుకోకండి.

డల్లాస్ బావ:
లంచ్ టైమ్‌లో రాశాను, తప్పులుంటే సర్దుకోండి. నాది మగ రచయితే.

పెండ్లివిందులోన పిలిచి చంపించెను
తల్లిఁ గొడుకు నొకట, తానె మరల
కడకు మిగిలినట్టి ఘట్టమ్ము వ్రాయుచు
చంపినట్టివాఁడె చదివి యేడ్చె

గేమ్ ఆఫ్ థ్రోన్స్ రాసిన జార్జ్ మార్టిన్, అందులో రెడ్ వెడ్డింగ్ అనే పెళ్ళివిందు హత్యలు. రాబ్ స్టార్క్, వాళ్ళమ్మ కాట్లిన్. ఆ అధ్యాయం రాయడానికి చేతులు రాక, దాన్ని వదిలేసి పుస్తకం మిగతాదంతా పూర్తిచేసి, చివర్లో వెనక్కి వచ్చి రాశాడు. "కడకు మిగిలినట్టి" అన్నది అందుకే.

అర్ధానుస్వారం:
యతులు శుభ్రం. అయితే పైన "చంపించెను", కింద "చంపినట్టి". పునరుక్తి కంటే ఇదే పెద్ద చిక్కు: చంపించినవాడూ చంపినవాడూ ఒకడేనా? పైన ఆ విందు పెట్టిన వాల్డర్ ఫ్రే అనుకున్నాను, కింద మార్టిన్ అన్నారు.

వేపపుల్ల:
మూడో పాదంలో "వ్రాయుచు", నాలుగో పాదంలో "చదివి". రాస్తున్నవాడు ఎప్పుడు చదివాడు? "కడకు మిగిలినట్టి" మాత్రం నాకు నచ్చింది. అది తెలిసినవాడు రాసిన మాట. ఎవరూ రాత్రంతా వంటింట్లో నిలబడలేదు కూడా.

డల్లాస్ బావ:
థాంక్స్ వేపపుల్ల గారూ. ఇంకో సంగతి. ఆ విందు పూర్తిగా ఊహ కాదు. స్కాట్లాండులో 1440లో పిలిచి భోజనం పెట్టి కుర్రవాళ్ళను చంపిన బ్లాక్ డిన్నర్ ఉంది, 1692లో ఆతిథ్యం తీసుకున్నవాళ్ళే ఇంటివాళ్ళను చంపిన గ్లెన్‌కో ఉంది. రెంటినీ కలిపానని మార్టినే చెప్పాడు. 2013లో టీవీలో వచ్చిన రాత్రి మా రూమ్మేట్ చేతిలో పిజ్జా అలాగే ఉండిపోయింది.

ధనియాలు:
కొత్త సభ్యుణ్ణి. మొదటి ప్రయత్నం. మార్టిన్ నవలల్లోని నెడ్ స్టార్క్ (రాబ్ తండ్రి) మీద.

నెడ్డు తలనుఁ ద్రుంచ నిర్ఘాంతపోయిరి
చదువువారు మొదటి సంపుటమున
తనదు ఖడ్గముతోనె తన మెడ తెగఁగాను
చంపినట్టివాఁడె చదివి యేడ్చె

అర్ధానుస్వారం:
"ఖడ్గముతోనె"లో "ము" ఎక్కడ కూర్చుంది? కుర్చీ లేదు దానికి.

ముక్కుపొడి (నిర్వాహకుడు):
"తనదు కత్తితోనె" అంటే సరి. ధనియాలు గారూ, భయపడకండి, ఇక్కడ అందరం "ము"లు పారేసుకునే వచ్చాం. ఐస్ అనే సొంత కత్తితోనే తల పోవడం పట్టుకున్నారు, మంచి చూపు. శిక్ష వేసినవాడే కత్తి ఎత్తాలని పిల్లలకు చెప్పిన మనిషాయన. అయితే మీ పద్యంలో చదివి ఏడ్చింది ఎవరు?

ధనియాలు:
రాజు జాఫ్రీ అనుకున్నానండి. ఆజ్ఞ ఇచ్చింది వాడే కదా.

వేపపుల్ల:
జాఫ్రీ ఏడవడమా! వాడు ఏడిస్తే మిగతా సంపుటాలు అక్కర్లేదు.

కందిపచ్చడి:
నెడ్డు అంటే గుర్తొచ్చింది. అదే నటుడు, సీన్ బీన్, 2001లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాలో బోరొమిర్‌గా ఒళ్ళంతా బాణాలతో పోయాడు. పుస్తకంలో బోరొమిర్ రెండో సంపుటం మొదటి అధ్యాయంలో పోతాడు. సినిమావాళ్ళు ఆగలేక మొదటి భాగం చివరికి లాక్కొచ్చారు. పాపం, ఆయన్ని ఎక్కడైనా అనుకున్నదానికంటే ముందే పంపిస్తారు.

సరే, నాదీ ఒకటి. ఎవరూ నవ్వొద్దు.

డాబి చచ్చునట్టి యా బాధ నోర్వక
రెండు గంటలైన రేయి వరకు
దుప్పటిముసుఁగునను దొంగగా నిద్దుర
చంపినట్టివాఁడె చదివి యేడ్చె

చంపింది ఎవర్నీ కాదు, నిద్రని. 2007లో ఏడో పుస్తకం వచ్చినప్పుడు హాస్టల్లో టార్చి లైటుతో చదివాను. హ్యారీ మంత్రదండం పక్కన పెట్టి, పార పట్టి, ఒట్టి చేతుల కష్టంతో, తనను కాపాడి చచ్చిపోయిన ఇంటి ఎల్ఫ్ డాబీకి గొయ్యి తవ్వుతాడు చూడండి, అక్కడ వార్డెన్ వచ్చాడు. ఏడుస్తున్నానని ఇంటి మీద బెంగ అనుకొని వదిలేశాడు.

గోదారిగట్టు:
భేష్! "నిద్దుర / చంపినట్టివాఁడె". హంతకుణ్ణి వెతకడానికి లండన్ దాకా పోనక్కర్లేదు, మంచం మీదే ఉన్నాడు. మగవాడే కూడా. వేపపుల్ల గారికి ఇబ్బంది ఉండదు.

అర్ధానుస్వారం:
మొదటి పాదంలో యతి ఏది అని అడగబోయి ఆగాను. "డాబి", "యా బా", రెండో అక్షరాలు కలిసిన ప్రాసయతి. ఆటవెలదికి చెల్లుతుంది. రెండో పాదం మాత్రం గడియారం చూసి రాసినట్టుంది.

పాలపిట్ట:
పెద్దలకు నమస్తే. ఆలస్యమైంది, పిల్ల ఇప్పుడే పడుకుంది.

గురువు కోరఁ గూల్చి కొండంత దుఃఖాన
లిల్లి వ్రాసినట్టి లేఖ దొరక
సంతకమ్ముఁ జించి చంకలో దాఁచుచు
చంపినట్టివాఁడె చదివి యేడ్చె

ముక్కుపొడి (నిర్వాహకుడు):
స్నేప్! అమ్మా, పాదం ఇచ్చినప్పుడు నా బుర్రలో ఇది లేదు. హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్‌ని చంపినవాడే, సిరియస్ పాత గదిలో మోకాళ్ళ మీద కూర్చొని, తాను ప్రేమించిన లిలీ (హ్యారీ తల్లి) ఎప్పుడో రాసిన ఉత్తరం చదివి ఏడ్చినవాడే. చంపడం, చదవడం, ఏడవడం మూడూ పుస్తకంలోనే ఉన్నాయి. నేను సమస్య ఇచ్చినట్టు లేదు, ఆ కథే ఇచ్చినట్టుంది.

డల్లాస్ బావ:
ఒళ్ళు జలదరించింది. "కూల్చి" అన్నారు, గోపురం మీంచి పడటం కూడా అందులోనే వచ్చింది.

అర్ధానుస్వారం:
ఒక్క మాట. పుస్తకంలో ముందు ఏడ్చాడు, ఆ తర్వాత సంతకం ఉన్న కాగితం తీసుకున్నాడు. మీరు చించాక ఏడిపించారు.

పాలపిట్ట:
నిజమేనండి. కానీ ఏడుపు నాలుగో పాదంలో ఉంది, దాన్ని కదల్చనివ్వరు కదా. అందుకే "దాఁచుచు" అని రెంటినీ ఒకేసారి జరిపించాను.

వేపపుల్ల:
"చంకలో" వద్దమ్మా. అంత కన్నీళ్ళ మధ్య చంకలో ఏదో పెట్టుకున్నాడంటే నాకు సంతలో గొడుగు గుర్తొస్తుంది. "చాటుగా" అనండి, యతి పోదు. లిలీని "లిల్లి" అన్నందుకు ఎవరైనా అడిగితే, ఆమె పేరే ఆ పువ్వు పేరని చెప్పండి. ఇది ఈ నెల పూరణల్లో మొదటిది. నా మాటగా రాసుకోండి.

గోదారిగట్టు:
వేపపుల్ల గారు మెచ్చుకున్నారంటే తేదీ రాసిపెట్టుకోవాలి. అయినా అంశం ఏమిటి? తనివి తీరకముందే పోయిన పాత్ర. డంబుల్‌డోర్‌కి నూరేళ్ళు దాటాయి.

పాలపిట్ట:
నేను అనుకున్నది ఆయన గురించి కాదండి. లిలీ గురించి. ఇరవై ఒక్క ఏళ్ళకే పోయింది, అదీ కథ మొదలవకముందే. ఏడు పుస్తకాలు చదివినా ఆమె మనకు దొరికేది ఒక అద్దంలో, ఒక ఫొటోలో, ఇదిగో ఈ ఉత్తరంలో. మా పిల్లకి ఏడాది నిండింది. హ్యారీకి అప్పుడు అంతే వయసు. ఉత్తరంలో బుజ్జి చీపురు ఎక్కి తిరుగుతున్నాడని రాసింది చూడండి, ఈసారి చదివితే అక్కడే ఆగిపోయాను.

కందిపచ్చడి:
...

ముక్కుపొడి (నిర్వాహకుడు):
"చాటుగా" అని సవరించి ఈ వారం పైన పెడుతున్నాను. మనవడికి చదివి వినిపిద్దామనుకున్నా. వాడు ఇంకా ఐదులోనే ఉన్నాడు, ఆరు చదవకుండా వినిపిస్తే నన్ను చంపుతాడు.

డల్లాస్ బావ:
ఐదులో హ్యారీ స్నేహితుడి తండ్రి ఆర్థర్ వీస్లీని కూడా చంపుదామనుకొని రోలింగ్ మనసు మార్చుకుందట. ఆ బాకీ ఏడులో లూపిన్, ఆయన భార్య టాంక్స్ చచ్చి తీర్చారు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఇదే మే 2న ఒక్కొక్కరి పేరు చెప్పి సారీ చెప్పింది: 2015లో ఫ్రెడ్, 2016లో లూపిన్, 2017లో స్నేప్, 2018లో డాబీ.

గోదారిగట్టు:
విన్నారా! చంపినవాళ్ళే ఏడ్చారనడానికి ఇంకేం కావాలి?

వేపపుల్ల:
చంపిన "వాళ్ళే". "వాఁడె" కాదు. ఇంకా విషయం ఏమిటంటే, కథలో సిరియస్‌ని తెర వెనక్కి పంపింది బెల్లాట్రిక్స్. రాసిందీ ఆడమనిషే, చంపిందీ ఆడమనిషే. గోదారిగట్టు గారికి ఏ వైపు నుంచీ మగదిక్కు లేదు.

ముక్కుపొడి (నిర్వాహకుడు):
ఆ "వాఁడె" వల వేసింది అందుకే. మొదటి చేప గోదారిదే పడింది.

వేపపుల్ల:
నిద్ర పట్టక మళ్ళీ వచ్చాను. పాత దారం మూసి ఉంది కాబట్టి ఇక్కడే పెడుతున్నా, నిర్వాహకులు మన్నించాలి. సవరణ:

బక్కుబీకు కొఱకు బడఁతి హిప్పోగ్రిఫు
గుడ్డు పెట్టె నొక్క గుఱ్ఱ మడవి

గోదారిగట్టు:
సెబాసు! బక్‌బీక్‌కి పెళ్ళాన్ని వెతికిపెట్టారు. అదే చేత్తో నా సిరియస్‌కి ఒక మగ హంతకుణ్ణి కూడా చూసిపెట్టండి వేపపుల్ల గారూ. మూడో పాదం ఖాళీ చేసి ఉంచుతాను.